కార్బన్ టాక్స్ పైసలు రైతు దాకా ఎట్ల పోతయ్? మన బొగ్గు పన్ను పైసలు ఎటు పోయినయ్?

పరకాల దిక్కు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది, చిన్నగ చేసి రాస్తున్న: "ఐర్లాండ్, కెనడాల కార్బన్ టాక్స్ వసూలు చేసి ఆ పైసలు రైతులకు ఇస్తున్నరని వీడియోల చూసిన, నిజమేనా, ఎట్ల ఇస్తరు? మన దగ్గర బొగ్గు మీద పన్ను ఉండె కదా, మరి మనకెందుకు రాలే? మా ఊర్లె ఒక కంపెనీ వాళ్ళు కార్బన్ డబ్బులు ఇస్తమని వరి రైతుల దగ్గర సంతకాలు తీసుకుంటున్నరు, ఇది అదేనా?"

ముందుగాల సూటిగ చెప్తా. కార్బన్ టాక్స్ అంటే బొగ్గు, డీజిల్, గ్యాసు కాలిస్తే వచ్చే కార్బన్ పొగకు టన్నుకు ఇంత అని వేసే పన్ను. అవును, కొన్ని దేశాల ఇస్తరు. మన దగ్గర ఇయ్యరు, ఎందుకంటే ఆ పేరు మీద మనకు పన్నే లేదు, ఉండిన బొగ్గు సెస్సుల కూడా రైతు వాటా ఇంత అని ఎవరూ రాసిపెట్టలే. ఇగ మీ ఊరికి వచ్చినోళ్ళు ఇస్తమనేది టాక్స్ పైసలు కానే కాదు, అది కార్బన్ క్రెడిట్ యాపారం, అంటే తగ్గిన పొగను లెక్క కట్టి కంపెనీలకు అమ్ముకునుడు. ఈ రెండిటిని ఒక్కటే అనుకునుడు వల్ల మస్తు మంది తెల్వక సంతకాలు పెడుతున్నరు కాబట్టి జర పొడుగ్గనే రాస్తున్న, ఓపికతోని చదువుండ్రి.

నేను వ్యవసాయ శాఖల ఫీల్డు పని చేసి రిటైరైన. ఇప్పుడు హనుమకొండ, ఆత్మకూరు దిక్కు ఎఫ్‌పీఓలకు (రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు) లెక్కలు, అగ్రిమెంట్లు చూసి పెడుతుంట. వేరే దేశాల స్కీములు చదువుడు నాకు ముందు నుంచీ అలవాటు, అక్కడి రూల్స్ చదివితేనే మన దగ్గర ఏం అడగాల్నో తెలుస్తది.

సరే, అక్కడ ఎట్ల ఇస్తరో చూద్దాం. పద్ధతులు చాన ఉన్నట్టు కనిపిస్తయ్ గని మొత్తం మీద మూడే: రైతు దగ్గర పన్ను తీసుకోకపోవుడు లేదా తీసుకున్నది వాపస్ ఇచ్చుడు ఒకటి, పొలంల చేసిన పనికి పైసలు కట్టుడు ఇంకోటి, మోటర్లు, డ్రిప్పు అసొంటి సామాన్లకు గ్రాంటు ఇచ్చుడు మూడోది.

వాపస్ పద్ధతికి కెనడా మంచి ఉదాహరణ. అక్కడ 2019ల కేంద్రం టన్నుకు 20 డాలర్లతోని మొదలువెట్టింది, 2024 కల్లా 80 చేసింది. పొలం పనికి వాడే పెట్రోల్, డీజిల్‌కు మాత్రం మినహాయింపు, రైతు ఒక సర్టిఫికెట్ ఫారం ఇస్తే పన్ను లేకుండనే పోసేటోళ్ళు. లొల్లి ఎక్కడ వచ్చిందంటే గింజలు ఆరబెట్టే డ్రయర్ల దగ్గర. మన లెక్క రోడ్డు మీద పోసి ఎండబెట్టుడు అక్కడ కుదరదు, చలిదేశం, మక్కలు గానీ కనోలా అనే నూనెగింజలు గానీ గ్యాస్ డ్రయర్లల ఆరబెట్టాలె, ఆ గ్యాసుకు మినహాయింపు లేకుండె. దాని కోసం 2021 నుంచి వాపస్ పెట్టిన్రు గని వాడిన గ్యాసును బట్టి కాదు, రైతు మొత్తం సాగు ఖర్చును బట్టి: 2021కి వెయ్యి డాలర్ల ఖర్చుకు 1.47 డాలర్లు, 2022కి 1.73. ఏడాది ఖర్చు కనీసం 25 వేల డాలర్లు ఉండాల్సి ఉండె.

ఖర్చును బట్టి ఎందుకు ఇచ్చిన్రంటే, కాల్చిన గ్యాసుకు కాల్చినంత వాపస్ ఇస్తే ఇగ పన్ను పెట్టి ఏం లాభం, ఎవడూ తగ్గియ్యడు. ఖర్చు మీద ఇస్తే గ్యాసు తక్కువ వాడినోనికి కూడా పైసలు వస్తయ్, పైంగ గ్యాసు మిగిలిన లాభం వేరే. ఇది తెలివైన పద్ధతే. కని రెండు లక్షల డాలర్ల ఖర్చు పెట్టిన రైతుకు 2021ల వచ్చింది 294 డాలర్లే అయితది, డ్రయర్ ఎక్కువ నడిపినోనికి అది ఏ మూలకూ చాలది. అందుకే ఆ గ్యాసుకు కూడా మినహాయింపు ఇయ్యాలని సీ-234 అనే బిల్లు పెట్టిన్రు, 2023ల దిగువ సభ పాస్ చేసింది, పై సభ సెనేట్ల సవరణలు పెట్టిన్రు, అటు ఇటు తిరిగి చట్టం కాకుండనే ఆగిపోయింది. చివరికి 2025 ఏప్రిల్ 1 నుంచి ఇంధనం మీద జనం కట్టే ఆ కార్బన్ టాక్సునే సున్నా చేసిన్రు. అంటే మీరు చూసిన వీడియో పాతదైతే కెనడా సంగతి ఇప్పుడు లేదు. పన్ను పోతే వాపస్ కూడా పోతది కదా.

పనికి పైసలు కట్టుడు అంటే ఐర్లాండ్ చూడాలె, నాకు అన్నిట్లకెల్లి నచ్చింది ఇదే. 2010ల టన్నుకు 15 యూరోలతోని మొదలైంది, తర్వాత చానేండ్లు 20 దగ్గర ఆగింది, 2020 బడ్జెట్ల 26 చేసిన్రు, 2030 కల్లా 100 యూరోలు చేస్తమని ఏడాదికి ఎంత పెంచుతరో చట్టంలనే రాసిన్రు. అసలు ముచ్చట ఇది: 2020ల సర్కారు ఏర్పడేటప్పుడు పార్టీల ఒప్పందంలనే, రేటు పెంచుడు వల్ల పదేండ్లల అదనంగ వచ్చే 950 కోట్ల యూరోలు దేనికి పోవాల్నో రాసుకున్నరు. 500 కోట్లు ఇండ్లల కరెంటు, గ్యాసు ఖర్చు తగ్గే రిపేర్లకు, 300 కోట్లు పేదలకు, కార్మికులకు, 150 కోట్ల యూరోలు రైతులకు. పైసా వసూలు కాకముందే ఎవరి వాటా ఎంతనో కాగితం మీద ఉన్నది.

ఆ రైతుల వాటా ఇప్పుడు ఏకర్స్ అనే స్కీముకు పోతున్నది, యూరోపియన్ యూనియన్ పైసలు కూడా అందుల కలుస్తయ్. 50 వేలకు పైగ రైతులు ఉన్నరు. మామూలు దారిల పోతే ఏడాదికి ఎక్కువల ఎక్కువ 7,311 యూరోలు, వాగులు, కొండలు అసొంటి సున్నితమైన ప్రాంతాలల గుంపుగ చేసే దారిల 10,500 దాకా. ఊకెనే ఇయ్యరు, కంచెల పొంటి చెట్లు పెంచుడు, వాగు ఒడ్డుకు పసులు దిగకుండ ఫెన్సింగు, ఎరువు తక్కువ వేసే గడ్డిభూములు, ఇట్ల లిస్టు ఉంటది. గుంపు దారిల అయితే ఇంకో తీరు: అడ్వైజర్ వచ్చి ఆ గడ్డిభూమికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తడు, ఎన్ని రకాల మొక్కలు ఉన్నయ్, నేల చెడిపోయిందా, కలుపు ఎంత ఉన్నది అని చూసి. మార్కులను బట్టి పైసలు. ఇక్కడ మన అధికారులు వచ్చి మడికి మార్కులు వేస్తే ఏమైతదో ఊహించుకోండి, ఊర్లె సగం మంది ఆయన ఇంటి ముందట్నే ఉంటరు.

అక్కడ కూడా అంతా సాఫీగ ఏం లేదు. చెల్లింపులు నెలల తరబడి లేటయినయ్, రైతులు గట్టిగనే గొడవ చేసిన్రు. పైంగ ఆ రైతులు కూడా డీజిల్ మీద కార్బన్ టాక్స్ కడుతున్నరు, 2012 నుంచి పెరిగిన భాగాన్ని ఆదాయపు పన్ను లెక్కల రెండుసార్లు ఖర్చు కింద చూపించుకునే వీలు ఇచ్చిన్రు, అంతే. కాబట్టి "ఫ్రీగ ఇస్తున్నరు" అనేది తప్పు, ఒక చేత్తోని కట్టి ఇంకో చేత్తోని తీసుకుంటున్నరు.

డెన్మార్క్ ఇంకో అడుగు ముందుకు పోయింది, డీజిల్ కాదు, ఏకంగ ఆవులు, పందుల నుంచి వచ్చే గ్యాసు మీదనే పన్ను. 2024ల సర్కారు, రైతు సంఘం, పర్యావరణ సంఘం కూసొని ఒప్పుకున్నరు. 2030 నుంచి టన్నుకు 300 క్రోనర్లు, 2035 కల్లా 750, అయితే 60 శాతం తగ్గింపు ఇచ్చి రైతు మీద పడేది 120, తర్వాత 300 మాత్రమే. 120 క్రోనర్లంటే మన పైసలల పదిహేను వందలకు పైనే. మొదటి రెండేండ్ల వసూళ్ళు మళ్ళ ఆ రంగం మార్పుకే ఖర్చు పెడతమన్నరు. రైతు సంఘం ఎట్ల ఒప్పుకున్నదని నన్ను చాన మంది అడుగుతరు. పైసలు మళ్ళ తమకే తిరిగి వస్తయని ముందే రాయించుకున్నది కాబట్టి ఒప్పుకున్నది. న్యూజిలాండ్ల ఇసొంటిదే పెట్టాలని చూస్తే రైతులు ట్రాక్టర్లతోని రోడ్లెక్కిన్రు, 2024ల సర్కారు దాన్ని పక్కకు పెట్టింది.

గ్రాంటు పద్ధతి కాలిఫోర్నియాది. అక్కడ టాక్స్ కాదు, కంపెనీలకు పొగ వదిలే పర్మిట్లు వేలం వేస్తరు, ఆ వేలం పైసలల కొన్ని రైతుల డ్రిప్పు, పంపులు, తేమ చూసే సెన్సర్లకు, ఇంకొన్ని కంపోస్టుకు, పచ్చిరొట్టకు పోతయ్. దాని గురించి ఇంతకన్న చెప్పేది లేదు, మన సబ్సిడీ డ్రిప్పు లాంటిదే.

ఇగ మన బొగ్గు సంగతి. ఇది చదివితే కడుపు మండుతది. 2010 జులై నుంచి టన్ను బొగ్గుకు 50 రూపాయల క్లీన్ ఎనర్జీ సెస్సు పెట్టిన్రు. 2014ల 100, 2015ల 200, 2016ల 400 అయింది. ఇంత సూటిగ బొగ్గు మీద టన్నుకు ఇంత అని పన్ను పెట్టిన దేశాలు ఆ రోజులల తక్కువ, కార్బన్ టాక్స్ అని పేరు పెట్టలే గని పని అదే. 2010-11 నుంచి 2017-18 దాకా వసూలైంది సుమారు 86 వేల కోట్లు. అందుల క్లీన్ ఎనర్జీ ఫండుకు పోయింది 30 వేల కోట్లకు జర తక్కువ. ప్రాజెక్టులకు ఖర్చయింది సుమారు 16 వేల కోట్లు. వ్యవసాయానికి అందుల కనిపించేది సోలార్ పంపుసెట్లు ఒక్కటే, అది కూడా సోలార్ కోసం పెట్టిన ఖర్చే.

2017ల జీఎస్టీ వచ్చినంక ఆ 400 రూపాయలు పేరు మార్చుకొని, జీఎస్టీతోని రాష్ట్రాలకు తగ్గిన రాబడి పూడ్చే నష్టపరిహారం సెస్సు అయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బొగ్గు మీద ఆ సెస్సు కూడా తీసేసి జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేసిన్రు. అంటే ఇప్పుడు బొగ్గు పన్ను సబ్బు, షాంపూ పన్నుల పైసలతోని కలిసి ఒకే ఖజానాలకు పోతది. భూపాలపల్లిల తవ్విన బొగ్గు రామగుండంల కాలిస్తే వచ్చే పన్నుల పక్కనే ఉన్న మంథని రైతుకు వాటా ఎంత అంటే చెప్పే కాగితమే లేదు. ఐర్లాండుకు మనకు తేడా ఇక్కడనే ఉన్నది. వాళ్ళు పన్ను ఎక్కువ వేసినందుకు రైతుకు రాలేదు, రైతు వాటా ముందే రాసినందుకు వచ్చింది.

మనకు దగ్గర్ల దగ్గర ఉన్నది ఒకటే, డీఎంఎఫ్‌టీ, జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టు. 2015ల గనుల చట్టం మార్చినప్పుడు వచ్చింది. పాత లీజులకు రాయల్టీల (గని తవ్వుకున్నందుకు సర్కారుకు కట్టే పైసలల) 30 శాతానికి సమానంగ, వేలంల వచ్చినయాటికి 10 శాతానికి సమానంగ గని నడిపేటోళ్ళు జిల్లా ట్రస్టుకు కట్టాలె. భూపాలపల్లి, పెద్దపల్లి, మంచిర్యాల లాంటి సింగరేణి జిల్లాలల ఇది చిన్న మొత్తమేం కాదు. కార్బన్ టాక్స్ కాదు గని బొగ్గు పైసలే, గనుల వల్ల దెబ్బతిన్న ఊర్లకే ఖర్చు పెట్టాలె. నీళ్ళు, వైద్యం, చదువు మొదటి వరుసల ఉంటయ్, సాగునీటి పనులు రెండో వరుసల. కాని జరిగేది ఏంది, సీసీ రోడ్లు, ప్రహరీ గోడలు. గ్రామసభల తీర్మానం పెట్టి చెరువు తూము రిపేరు, కాలువ పూడిక, ఓపెన్‌కాస్టు పక్కన నీళ్ళు దిగిపోయిన బోర్లకు బదులు ఏదన్న అడిగే హక్కు ఆ ఊర్లకు ఉన్నది. నేను చూసిన ఊర్లల అడిగినోళ్ళే తక్కువ. మీది పరకాల కాబట్టి మీకు నేరుగ రాకపోవచ్చు, చుట్టాలు అటు దిక్కు ఉంటే చెప్పుండ్రి.

"మరి ఐర్లాండ్ లెక్క ఇక్కడ పెట్టొచ్చు కదా" అని మీరు అడిగే లోపే చెప్తా. పెట్టొచ్చు గని అట్లనే దింపితే పని చెయ్యది. మన దగ్గర వ్యవసాయ ఆదాయం మీద ఇన్‌కమ్ టాక్సే లేదు, ఇగ అందుల రాయితీ ఏడికెల్లి ఇస్తరు. బోరు కరెంటు ఫ్రీ, దాని మీద పన్ను వాపస్ అనే మాటనే లేదు. మిగిలింది డీజిల్. నాలుగెకరాల రైతు డీజిల్ కొనడు, ట్రాక్టర్ కిరాయికి తెస్తడు, హార్వెస్టర్ గంటకు ఇంత అని కడతడు, డీజిల్ మీద పన్నంతా ఆ కిరాయిల కలిసిపోయి ఉంటది. రేపు సర్కారు కెనడా లెక్క డీజిల్ పన్ను వాపస్ ఇస్తే అది ట్రాక్టర్ ఓనర్ ఖాతాల పడతది, కిరాయి మాత్రం పది రూపాయలు కూడా తగ్గది. మన దగ్గర పని చేసేది వాపస్ కాదు, పొలంల చేసిన పనికి పైసలు కట్టుడే. అది కూడా పట్టా చూసి కాదు, సాగు చేసేటోన్ని చూసి.

ఇప్పుడు మీ ఊరికి వచ్చిన కంపెనీ ముచ్చట. వాళ్ళు చెప్పేది తడి పొడి పద్ధతి అయ్యుంటది, వరి మడిల ఎల్లకాలం నీళ్ళు నిలబెట్టకుండ, నడుమ నడుమ ఆరనిచ్చి మళ్ళ పెట్టుడు. నీళ్ళు నిలిచిన మడిల గాలి ఆడక మీథేన్ అనే, భూమి వేడిని పెంచే గ్యాసు తయారైతది, ఆరబెడితే తగ్గుతది, ఆ తగ్గినదాన్ని టన్నులల లెక్క కట్టి క్రెడిట్లుగ వేరే దేశాల కంపెనీలకు అమ్ముతరు. సర్కారు పన్ను ఇందుల ఎక్కడా లేదు, కొనేటోడు దొరికితేనే పైసలు.

పద్ధతి మంచిదే, దాని మీద నాకు అనుమానం లేదు. అడుగు పొడుగు పైపు తీసుకొని కింది సగానికి రంధ్రాలు కొట్టి, ఆ సగం మడిల దిగేసి లోపలి మట్టి తీసేస్తరు. లోపల నీళ్ళు భూమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినంక మళ్ళ తడి పెట్టాలె. నాటు వేసిన మొదటి రెండు వారాలు, మళ్ళ పూత టైముల మాత్రం నీళ్ళు ఉంచాలె, అక్కడ ఆరబెడితే తాలు గింజలు పడతయ్. బోరు కింద ఇది రైతు చేతుల పని, కాకపోతే ఆటో స్టార్టర్ తీసేయాలె, కరెంటు రాంగనే మోటరు దానంతట అదే నడుస్తుంటే ఇగ పైపు పెట్టి ఏం చూస్తరు. ఎస్సారెస్పీ కాలువ కింద అయితే కష్టం, యాసంగిల నీళ్ళు వంతుల వారీగ ఇస్తరు, వచ్చే వంతు టైముకు వస్తదో రాదో అని చివరి ఆయకట్టు రైతు వచ్చినప్పుడే మడి నిండ పెట్టుకుంటడు. ఆయన్ని ఆరబెట్టుమంటే తిడతడు, తిట్టుడు న్యాయమే.

ఇగ పైసలు. లెక్క కోసం అనుకుందాం, ఎకరానికి సీజనుకు ఒక టన్ను తగ్గింది, టన్ను వెయ్యి రూపాయలకు అమ్ముడుపోయింది. కొలతల ఖర్చు, ఆడిట్ ఖర్చు, క్రెడిట్ల రిజిస్ట్రీ ఫీజు, కంపెనీ వాటా పోంగ రైతుకు ఐదారు వందలు మిగిలితే గొప్ప. రైతు భరోసా ఎకరానికి సీజనుకు ఆరు వేలు, దాని పక్కన పెట్టి చూసుకోండి. అది కూడా ఎప్పుడొస్తదో తెల్వది, క్రెడిట్లు తయారు కావాలంటే ఏడాది రెండేండ్లు పడతది. ఈ క్రెడిట్లకు ముద్ర వేసే పెద్ద సంస్థ వెర్రా, 2023ల వరికి వాడే పాత లెక్క పద్ధతి పనికి రాదని ఆపేసింది, 2024ల చైనాల 37 వరి ప్రాజెక్టులను కొట్టేసింది, 2025ల కొత్త పద్ధతి తెచ్చింది. కొట్టేసినప్పుడు పొలంల కష్టపడ్డ రైతుకు ఎవరు కడతరు, ఆలోచించుండ్రి. మన కేంద్రం కూడా 2024 జనవరిల వ్యవసాయంల స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ మీద ఒక ఫ్రేమ్‌వర్కు విడుదల చేసింది, అంటే ఈ యాపారం చట్టవిరుద్ధం ఏం కాదు, చూసుకొని చెయ్యాలె అంతే.

ఆత్మకూరు దిక్కు ఒక ఎఫ్‌పీఓ నాకు చూపించిన అగ్రిమెంట్ చెప్తా, కంపెనీ పేరు వద్దు. ఇంగ్లీషుల ఉన్నది, ట్యాబుల వేలిముద్ర తీసుకుంటున్నరు, కాపీ ఇయ్యలే. అందుల "ఖర్చులు పోను నికర ఆదాయంల వాటా" అని ఉన్నది గని ఖర్చులకు పరిమితి లేదు. పదేండ్ల దాకా ఆ భూమి కార్బన్ హక్కులు (క్రెడిట్లు అమ్ముకునే హక్కు) వాళ్ళవే, మధ్యల పంట మార్చి మక్కలు వేస్తే రైతు నోటీసు ఇయ్యాలె. పట్టాదారు పేరు మీద చేసిన్రు, మడిల పైపు చూసేది కౌలు రైతు, పైసలు పడేది హైదరాబాదుల ఉండే ఓనరు ఖాతాల. మేము అడిగితే తెలుగు కాపీ ఇచ్చిన్రు, ఖర్చులకు పరిమితి రాసిన్రు, కౌలు రైతు పేరు కూడా చేర్చిన్రు. పదేండ్లు మాత్రం తగ్గియ్యలే, దాంతోని సగం మంది బయటికి వచ్చిన్రు, సగం మంది ఉన్నరు.

కాబట్టి మీరు సంతకం పెట్టే ముందు ఇవి అడగండి: ఎన్నేండ్లు, మధ్యల బయటికి వస్తే ఏమైతది, ఖర్చులకు పరిమితి ఎంత, క్రెడిట్లు అమ్ముడుపోకపోతే కనీసం ఎంత ఇస్తరు, కౌలు చేసేటోనికి ఎంత, కాపీ తెలుగుల ఇస్తరా. నోటితోని చెప్తే వద్దు, కాగితం మీద ఉండాలె. భూమి కాగితాల జిరాక్సులు ఇయ్యమంటే దేనికని అడగండి, పాస్‌బుక్ ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇయ్యొద్దు.

అగ్రిమెంట్ కాపీ దొరికితే పేర్లు, ఆధార్ నంబర్లు కొట్టేసి ఫొటోలు పెట్టుండ్రి, మీ భూమి బోరు కిందనా కాలువ కిందనా అది కూడా రాయండి, చూసి చెప్తా.